సరిచూసే పనికి కూలి ఎవరిస్తారు?

నేను చదివింది ఎం.ఏ. ఎకనామిక్స్. చేసేది కాపీ ఎడిటింగ్. మాది కావలి. పెళ్లయ్యాక మద్రాసు వచ్చి, ఇక్కడి టైప్‌సెట్టింగ్ కంపెనీల్లో పనిచేసి, ఇప్పుడు ఇంటి నుంచే పేజీకింత అని చేస్తున్నాను. లండన్, న్యూయార్క్, ఆమ్‌స్టర్‌డామ్ చిరునామాలతో వచ్చే పరిశోధనా పత్రికల్లో చాలావాటికి పేజీలు కట్టేది చెన్నైలో, పాండిచ్చేరిలో అని మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. నా బల్ల మీదకు పొద్దున కణజీవశాస్త్రం వస్తుంది. మధ్యాహ్నం కీళ్లవాతం మందు మీద ట్రయల్. సాయంత్రం సినిమా పోస్టర్లలో వర్గం, లింగం గురించి సాంస్కృతిక సిద్ధాంతం. భోజనాలయ్యాక వడ్డీ రేట్లు. "ఇన్ని శాస్త్రాలు చదువుతున్నావు గదమ్మా, నీకెవరూ డాక్టరేటు ఇవ్వరా?" అని మా అత్తగారు అడుగుతుంటారు. డాక్టరేటు సంగతి దేవుడెరుగు, పేజీ రేటు పెంచితే చాలత్తయ్యా అంటాను.

నా పని ఎంతవరకో చెప్పాలి. మొత్తం 120 మంది రోగులని పైన రాసి, కింద పట్టికలో విడివిడిగా కూడితే 118 వచ్చిందా, నాలుగో బొమ్మ అని చెప్పి మూడోది చూపించారా, రిఫరెన్సులో ఏడాది తప్పు పడిందా, ఇలాంటివి పట్టుకుని రచయితకు క్వెరీ రాయాలి. వ్యాసంలో చెప్పిన సంగతి నిజమా కాదా అని అడిగే అధికారం నాకు లేదు. మరి ఎవరికుంది? రివ్యూయర్లకు అంటారు. వాళ్లు తమ ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు ఉచితంగా చదివిపెట్టే ప్రొఫెసర్లు. వాళ్ల ముందుకూ రచయిత పంపిన పేజీలే వెళతాయి. ల్యాబు నోట్‌బుక్కు వెళ్లదు, కణాలు పెంచిన సీసా వెళ్లదు, లెక్కలు వేసిన ఎక్సెల్ షీటు చాలాసార్లు వెళ్లదు. అంటే కొత్తగా కనిపెట్టామని చెప్పినవాళ్ల మాట మీద నమ్మకంతోనే మొత్తం వ్యవహారం నడుస్తోంది.

అందుకే నేను అడిగేది ఒకటే. కొత్త సంగతి కనిపెట్టినవాళ్లకు ఇస్తున్న డబ్బులో, మర్యాదలో, ప్రమోషన్లలో కొంత వాటా దాన్ని మళ్లీ చేసి చూసేవాళ్లకు ఇవ్వండి. ప్రస్తుతం వాళ్లకు దక్కుతున్నది తిట్లు, అప్పుడప్పుడు లాయరు నోటీసులు. ఇందులో నా పొట్టకూటి స్వార్థం కూడా ఉందనుకుంటే అనుకోండి, నేను కాదనను.

కణాల కథతో మొదలుపెడతాను. ఈ వృత్తిలోకి వచ్చాక నన్ను అన్నిటికంటే విస్తుపరిచింది అదే. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చేరింది. ఆమెను అడక్కుండా తీసిన చిన్న కండముక్కను జార్జ్ గై అనే శాస్త్రవేత్త ల్యాబులో పెంచారు. అప్పటిదాకా మనిషి కణాలు సీసాలో కొన్నాళ్లుండి చచ్చిపోయేవి. ఇవి మాత్రం దాదాపు రోజుకోసారి రెట్టింపవుతూ పోయాయి. ఆమె అదే ఏడాది అక్టోబరులో 31 ఏళ్లకే కన్నుమూసింది. కణాలు 'హీలా' అన్న పేరుతో ప్రపంచంలోని ల్యాబులన్నిటికీ చేరాయి, పోలియో టీకా పరీక్షలకు పనికొచ్చాయి, కంపెనీలకు వ్యాపారమయ్యాయి. ఆమె వారసులకూ ఆ కణాలతో వ్యాపారం చేసిన థెర్మో ఫిషర్ కంపెనీకీ కోర్టులో రాజీ కుదిరింది 2023 ఆగస్టులో. డెబ్బై ఏళ్లు దాటిపోయాక.

ఇంతవరకు చాలామంది విన్న కథే. రెండో సగం తక్కువమందికి తెలుసు. 1966లో పెన్సిల్వేనియాలోని బెడ్‌ఫర్డ్‌లో జరిగిన సదస్సులో స్టాన్లీ గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు లేచి ఒక చేదు సంగతి చెప్పారు. వేర్వేరు మనుషుల నుంచి, వేర్వేరు అవయవాల నుంచి తీసినట్టు అందరూ నమ్ముతున్న 18 కణజాతుల్ని ఆయన పరీక్షించారు. అన్నిటిలోనూ జి6పిడి అనే ఎంజైము ఒకే రకంగా కనిపించింది. అది ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో తప్ప దాదాపు ఎవరిలోనూ ఉండని రకం. ఆ కణాల్లో కొన్నిటినైనా ఇచ్చినవాళ్లేమో తెల్లవాళ్లు. దీనికి ఒక్కటే అర్థం: హీలా కణాలు మిగతా సీసాల్లోకి దూరి, అక్కడున్నవాటిని తినేసి కూర్చున్నాయి. ఒకే పిపెట్టు రెండు సీసాల్లో ముంచితే చాలు, ఎగిరిన ఒక తుంపర పడితే చాలు. కాలేయ కణాలనుకుని, పేగు కణాలనుకుని, గొంతు కణాలనుకుని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధించింది హెన్రియెట్టా లాక్స్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద.

ఈ మాట విన్నవాళ్లు సంతోషించారనుకుంటున్నారా? కాలిఫోర్నియాలో వాల్టర్ నెల్సన్-రీస్ అనే ఆయన 1970లలో ఏ ల్యాబులో ఏ కణం అసలుది కాదో పరీక్షించి, ల్యాబుల పేర్లతో సహా జాబితాలు ప్రచురించారు. సరిగ్గా ఆ పనికే ఆయన చాలామందికి కంటగింపయ్యారు. ల్యాబుకు నిధులు ఆగాయి. 1981లో ముందుగానే ఉద్యోగం వదిలేశారు. ఆయన చెప్పినవి ఇవాళ ఎవరూ కాదనడం లేదు. ఇలా పేరొకటి, మనిషి ఒకరు అయిన కణజాతుల అంతర్జాతీయ జాబితాలో ఇప్పుడు ఐదు వందలకు పైగా ఉన్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు 2017లో లెక్కగడితే, అలాంటి కణాల మీద ఆధారపడ్డ వ్యాసాలు 32,755 తేలాయి.

నా దగ్గరికి ఇప్పటికీ 'చాంగ్ లివర్' కణాల మీద చేశామంటూ వ్యాసాలు వస్తుంటాయి. పేరులో లివర్ ఉంది గానీ అవి హీలా అని ఎప్పుడో తేలిపోయింది. నేను మర్యాదగా క్వెరీ రాస్తాను: ఈ కణజాతి అంతర్జాతీయ జాబితాలో ఉంది, దయచేసి నిర్ధారించండి అని. "నిర్ధారించాం" అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. ఏం నిర్ధారించారో, ఎలా నిర్ధారించారో ఉండదు. క్వెరీకి జవాబు వచ్చేసింది కాబట్టి సిస్టంలో పచ్చ టిక్కు పడుతుంది, ఫైలు ముందుకు పోతుంది. కణం ఎవరిదో తేల్చే డి.ఎన్.ఏ. పరీక్షకు ఇప్పుడు కొన్ని వేల రూపాయలకు మించి కాదు. పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం దేశానికంతటికీ కణాల భాండాగారంగానే పుట్టింది, అక్కడి నుంచి సరైన కణాలు తెప్పించుకోవచ్చు. డి.ఎన్.ఏ. వేలిముద్రల్ని ఈ దేశానికి తెచ్చిపెట్టిన సీసీఎంబీ హైదరాబాద్‌లో తార్నాక దగ్గరే ఉంది. చేతకాక కాదు, చేసినందుకు ఎవరికీ మార్కులు పడవు కాబట్టి చేయరు.

ఇక నేను చదువుకున్న శాస్త్రం. 2010లో హార్వర్డ్ ఆర్థికవేత్త రోగాఫ్, ఆయన సహరచయిత్రి రీన్‌హార్ట్ ఒక చిన్న వ్యాసం రాశారు. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి కుప్పకూలుతుందని, అలాంటి దేశాల సగటు వృద్ధి సున్నా కంటే కిందికి, మైనస్ 0.1 శాతానికి పడిపోతుందని వాళ్ల పట్టిక చూపించింది. అమెరికాలో, యూరప్‌లో ప్రభుత్వ ఖర్చులు కోసేయాలనేవాళ్లకు ఆ 90 అంకె వేదవాక్కయిపోయింది. పెన్షన్లు, ఆస్పత్రులు, ఉపాధ్యాయ ఉద్యోగాల మీద కోత పెట్టాలని వాదించినప్పుడల్లా ఆ వ్యాసాన్ని చూపించారు.

కొన్నేళ్ల తర్వాత మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్‌హెర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థికి క్లాసులో ఒక అసైన్‌మెంటు ఇచ్చారు: పేరున్న వ్యాసం ఒకటి తీసుకుని, అందులో లెక్కల్ని మళ్లీ చేసి అదే ఫలితం వస్తుందో లేదో చూడండి అని. అతను ఈ వ్యాసం ఎంచుకున్నాడు. ఎన్నిసార్లు చేసినా ఆ మైనస్ రావడం లేదు. ముందు అందరూ కుర్రాడిదే తప్పనుకున్నారు. చివరికి అతను రచయితలకే రాసి అడిగితే, వాళ్లు ఎక్సెల్ షీటు పంపారు (పంపడం వాళ్ల పెద్దమనసే, చాలామంది పంపరు). తెరిచి చూస్తే సగటు తీసే ఫార్ములా 30వ వరుస నుంచి 49వ వరుస దాకా ఉండాల్సింది, 44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ అనే ఐదు దేశాలు లెక్కలోంచి జారిపోయాయి. అంతేకాదు, న్యూజిలాండ్‌కు 1951 ఒక్క ఏడాదిలో వచ్చిన మైనస్ 7.6 శాతానికీ, బ్రిటన్ 19 ఏళ్లపాటు సాధించిన సగటు 2.4 శాతానికీ సమాన విలువ వేశారు. కొన్ని దేశాల కొన్నేళ్ల డేటా కలపనే లేదు. అన్నీ సరిచేసి హెర్న్‌డన్, అతని గురువులు ఆష్, పోలిన్ 2013 ఏప్రిల్‌లో చూపించిన సగటు ప్లస్ 2.2 శాతం.

రచయితలు ఎక్సెల్ పొరపాటు ఒప్పుకున్నారు, మిగతా వాదన మీద నిలబడ్డారు. ఎక్కువ అప్పు మంచిదా చెడ్డదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అయితే అసెంబ్లీలో, టీవీల్లో రోజూ అదే రచ్చ. నా బాధ వేరు. ఆ వ్యాసం నా చేతికే వచ్చి ఉంటే నేను ఆ తప్పును చచ్చినా పట్టలేను. కామాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఉన్నది వ్యాసంలో కాదు, వ్యాసంతో పాటు రాని ఫైలులో.

వైద్యంలో ఇదే జరిగితే ఎలా ఉంటుందో 2020లో చూశాం. ఆ మే 22న లాన్సెట్ పత్రికలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద వ్యాసం వచ్చింది. ఆరు ఖండాలు, 671 ఆస్పత్రులు, 96 వేల మంది రోగులు. కోవిడ్‌కు ఆ మందు వాడితే మరణాలు పెరుగుతున్నాయని సారాంశం. మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందును ఆపేసింది. మన దేశంలో అప్పటికే ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా అదే మందు వాడమని ఐసీఎంఆర్ చెప్పి ఉంది, ట్రంప్ అడిగారని మనం ఎగుమతులు కూడా వదిలాం. ఆ వ్యాసంలో ఆస్ట్రేలియాలోని ఐదు ఆస్పత్రుల్లో ఏప్రిల్ 21 నాటికి 73 మంది చనిపోయినట్టు ఉంది. ఆ రోజుకు ఆస్ట్రేలియా దేశం మొత్తంలో కోవిడ్ మరణాలు 67. ఇది పట్టుకోవడానికి డాక్టరు కానక్కర్లేదు, పేపరు చదివే అలవాటుంటే చాలు. డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీని అసలు రికార్డులు చూపించమంటే చూపించలేదు. జూన్ 4న వ్యాసాన్ని ఉపసంహరించారు. తమాషా ఏమిటంటే, మర్నాడే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు రికవరీ ట్రయల్‌లో వేల మంది నిజమైన రోగుల మీద పద్ధతిగా పరీక్షించి, ఆ మందువల్ల ప్రయోజనం లేదని చెప్పారు. మందు పనిచేయదన్నది నిజమే అయింది. కానీ దాన్ని నమ్మాల్సింది 67కూ 73కూ తేడా చూడని వ్యాసాన్ని బట్టి కాదు కదా!

సాంస్కృతిక సిద్ధాంతం దగ్గరికి వస్తే అందరికీ నవ్వులాట. 1996లో న్యూయార్క్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ అలెన్ సోకల్ కావాలనే అర్థంపర్థం లేకుండా క్వాంటం గురుత్వాకర్షణ మీద ఓ వ్యాసం రాసి, వందకు పైగా ఫుట్‌నోట్లు తగిలించి 'సోషల్ టెక్స్ట్' పత్రికకు పంపారు. అచ్చేశారు. తర్వాత ఆయనే అది తమాషాకు రాశానని వేరే పత్రికలో బయటపెట్టారు. అప్పట్నుంచీ సైన్సువాళ్లు ఈ కథ చెప్పుకుని మురిసిపోతుంటారు. ఆ మురిపెం ఎందుకో నాకు అర్థం కాదు. 2013లో జాన్ బొహానన్ అనే సైన్సు జర్నలిస్టు, క్యాన్సర్‌కు మందు కనిపెట్టామంటూ, ఇంటర్ స్థాయి కెమిస్ట్రీ తెలిసినవాళ్లు కూడా పట్టుకోగల తప్పులతో దొంగ వ్యాసం ఒకటి తయారుచేసి 304 పత్రికలకు పంపారు. లేని శాస్త్రవేత్తలు, లేని సంస్థలు. 157 పత్రికలు ఒప్పేసుకున్నాయి. సోకల్ మోసపుచ్చింది ఒక పత్రికను. పైగా నా అనుభవంలో రిఫరెన్సులు ఒద్దికగా, పేజీ నంబర్లతో సహా సరిగ్గా ఉండేది సాంస్కృతిక సిద్ధాంతం వాళ్ల దగ్గరే. వాక్యాలు మాత్రం కొండవీటి చాంతాళ్లే, అది వేరే సంగతి.

బొహానన్ వల పన్నినప్పుడు దొరికిన పత్రికల చిరునామాలు వెతికితే ఎక్కువ మన దేశంలోనే తేలాయి. హైదరాబాద్ పేరు ఈ విషయంలో ఎంతగా మోగిందంటే, అక్కడి ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. వ్యాసాల్ని నిపుణులు సమీక్షిస్తారని అబద్ధం చెప్పడం, ఒప్పుకోనివాళ్ల పేర్లను ఎడిటర్లుగా వేసుకోవడం, ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం ఆరోపణలు. 2019 మార్చిలో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఇలాంటి పత్రికలు మన దగ్గరే ఎందుకు మొలిచాయో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 2010లో యూజీసీ లెక్చరర్ల ప్రమోషన్‌కు పాయింట్ల పద్ధతి పెట్టింది. వ్యాసానికింత, పుస్తకానికింత, సెమినారుకింత. ల్యాబు లేదు, లైబ్రరీ లేదు, వారానికి బోలెడు క్లాసులు. అయినా వ్యాసాలు కావాలి. జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీ లెక్చరరు ఏం చేస్తాడు? మూడు వేలు, ఐదు వేలు కట్టి అచ్చేయించుకుంటాడు. ఆయన్ను దొంగ అనడానికి నాకు మనసొప్పదు. 2018లో యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచి 4,305 పత్రికల్ని ఒక్కసారిగా కొట్టేసింది. తర్వాత కేర్ అనే కొత్త జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేసి మీరే చూసుకోండని విద్యాసంస్థలకు వదిలేసింది. 2022లో పీహెచ్.డి.కి ముందు వ్యాసం అచ్చు కావాలన్న నిబంధన తీసేయడం ఒక్కటే ఇందులో నాకు నచ్చిన పని.

ఇప్పుడు కథ ఇంకా ముదిరింది. డబ్బిస్తే వ్యాసం రాసిపెట్టి, రచయితల జాబితాలో మీ పేరు ఎన్నో స్థానంలో కావాలో రేటు చెప్పే దుకాణాలున్నాయి. వాటిని పేపర్ మిల్లులంటారు. వేరేవాళ్ల వ్యాసాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటలు మార్చేస్తారు, కాపీ పట్టే యంత్రానికి దొరక్కుండా. అలా రొమ్ము క్యాన్సర్ కాస్తా 'రొమ్ము అపాయం', కృత్రిమ మేధ కాస్తా 'దొంగ స్పృహ' అయిపోయి అచ్చులో కనిపించాయి. ఫ్రాన్స్‌లో గ్యోమ్ కబనాక్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు, ఆయన మిత్రులు 2021 నుంచి వీటిని కుప్పలుగా వెలికితీస్తున్నారు. వైలీ అనే పెద్ద ప్రచురణకర్త తాను కొన్న హిందావీ పత్రికల నుంచి 2023 ఒక్క ఏడాదిలో 8,000కు పైగా వ్యాసాల్ని ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో కణజీవశాస్త్రం పత్రిక ఒకటి కృత్రిమ మేధతో గీయించిన ఎలుక బొమ్మ వేసింది. ఎలుక కంటే ఎలుక మర్మాంగం పెద్దది, చుట్టూ రాసిన పేర్లలో చాలావరకు ఏ భాషకూ చెందినవి కావు. ఎడిటరు చూశారు, రివ్యూయర్లు చూశారు, బయటికొచ్చింది. ప్రపంచమంతా నవ్వాక, అచ్చయిన మూడు రోజులకు తీసేశారు. అది చూసి మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ "మన బల్ల మీదకు రాకుండానే పోయిందా, వచ్చినా క్వెరీకి టైమివ్వలేదా?" అని అడిగింది. రెండూ సాధ్యమే. పేజీ రేట్లు తగ్గుతున్నాయి, గడువు రోజుల నుంచి గంటలకు వచ్చింది, సగం పని యంత్రం చేసిందని చెప్పి మిగతా సగానికి కూలి కోస్తున్నారు.

డబ్బు లేక కాదు సుమండీ. నేచర్ పత్రికలో అందరికీ ఉచితంగా చదివే వీలుతో వ్యాసం వేయించాలంటే 2021లో పెట్టిన ఫీజు 9,500 యూరోలు, మన డబ్బులో ఎనిమిది లక్షలకు పైమాటే. ఎల్సెవియర్ లాంటి సంస్థలకు వచ్చే ఆదాయంలో మూడో వంతుకు పైగా లాభం. ఇందులో రివ్యూయరుకు వచ్చేది సున్నా.

సరిచూసేవాళ్లు ఎలా బతుకుతున్నారో ఒక్కరి గురించి చెబుతాను. ఎలిజబెత్ బిక్ నెదర్లాండ్స్‌లో పుట్టిన మైక్రోబయాలజిస్టు, ఉండేది కాలిఫోర్నియాలో. ఆమెకు బొమ్మల్లో పోలిక పట్టే కన్ను ఉంది. ఒకే ఫొటోను తిప్పి, కత్తిరించి రెండు ప్రయోగాలుగా చూపిస్తే ఇట్టే గుర్తుపడుతుంది. ఆమె, మరో ఇద్దరు కలిసి 2016లో ప్రచురించిన లెక్క ఇది: 40 పత్రికల్లోని 20,621 వ్యాసాల బొమ్మల్ని కంటితో చూస్తే, 3.8 శాతంలో తేడాలున్నాయి. వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టున్నాయి. 2019లో ఆమె ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకుంది. జీతమిచ్చే సంస్థ లేదు, తోచినంత పంపే అభిమానుల చందాలతో గడిచింది. ఫ్రాన్స్‌లో ఒక పెద్ద ప్రొఫెసరు ఆమె మీద క్రిమినల్ ఫిర్యాదుకు కూడా దిగారు. ఆ ఏడాదే, అంటే 2021లో, ఆమెకు జాన్ మాడాక్స్ బహుమతి వచ్చింది. బహుమతి మంచిదే. నెలజీతం ఇంకా మంచిది.

సైన్సు తన తప్పు తానే దిద్దుకుంటుంది, ఎందుకింత గోల అని నాతో ఒక రిటైర్డ్ ప్రొఫెసరు గారు వాదించారు. దిద్దుకుంటుంది, ఎప్పుడు అన్నదే ప్రశ్న. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసంలో ఉన్నది 12 మంది పిల్లలు. లాన్సెట్ దాన్ని పూర్తిగా ఉపసంహరించింది 2010లో. అందులో గుట్టు లాగింది సైంటిస్టు కాదు, బ్రయన్ డీర్ అనే విలేకరి. ఈ పన్నెండేళ్లలో టీకాలు వేయించని పిల్లలకు తట్టు వచ్చింది. అల్జీమర్స్ మీద నేచర్‌లో 2006లో వచ్చిన పేరుమోసిన వ్యాసం 2024లో గానీ పోలేదు, అంటే పద్దెనిమిదేళ్లు. దిద్దుకునే పని దానంతటది జరగలేదు. ఎవరో ఒకరు కూర్చుని, సొంత ఖర్చుతో, తిట్లు తిని చేశారు. పైగా అన్నీ మోసాలు కావు. ఆమ్జెన్ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు క్యాన్సర్ మీద వచ్చిన 53 ముఖ్యమైన పరిశోధనల్ని మళ్లీ చేయబోతే ఆరింటికే ఫలితం నిలబడిందని 2012లో చెప్పారు. మిగతా 47 మంది దొంగలా? కాదు. చిన్న శాంపిల్, ఆశపడ్డ కన్ను, బాగా వచ్చిన ప్రయోగాన్నే రాయడం. మనుషులు చేసే పని ఇలాగే ఉంటుంది. అందుకే రెండోవాడు చూడాలి.

ఇలాంటివన్నీ బయటపెడితే జనానికి సైన్సు మీద నమ్మకం పోతుందని మరో అభ్యంతరం. టీకాలు వద్దనేవాళ్లకు, పసరుమందుల బాబాలకు ఆయుధమిచ్చినట్టవుతుందట. నేను ఒప్పుకోను. గార్ట్‌లర్ తప్పు పట్టింది సైన్సు పద్ధతిలోనే, హెర్న్‌డన్ పట్టింది లెక్కతోనే. ఏ బాబా అయినా తన ఎక్సెల్ షీటు అడిగితే పంపాడా?

మరి మన ప్రభుత్వాలు చేయగలిగింది ఉందా అంటే ఉంది. కేంద్రం 2024 నవంబరులో 'ఒకే దేశం, ఒకే చందా' పథకానికి ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు; 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థల్లో చదువుకోవచ్చు. కావలి లాంటి ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లలకు నేచర్, లాన్సెట్ చేరే అవకాశం వచ్చింది, నాకు సంతోషమే. అయితే ఇంత పెద్ద ఖాతాదారు వేరే షరతు ఒక్కటీ పెట్టకుండా డబ్బు కట్టడం ఎందుకు? ప్రతి వ్యాసంతో పాటు డేటా ఫైలు, లెక్కల ఫైలు పెట్టాలని, కణాల మీద చేసిన వ్యాసానికి కణం ఎవరిదో తేల్చిన పరీక్ష జతచేయాలని, రివ్యూయరుకు ఎంతో కొంత చెల్లించాలని ఒప్పందంలో రాయించుకోవచ్చు. కాంట్రాక్టు మళ్లీ రాసుకునేటప్పుడైనా రాయించుకోవాలి. ఆ 6,000 కోట్లలో వందో వంతు పక్కన పెట్టినా 60 కోట్లు, మన ల్యాబుల్లో పాత ప్రయోగాల్ని మళ్లీ చేసి చూడటానికి. యూజీసీ పాయింట్లు ఇవ్వక తప్పదంటే, మరొకరి వ్యాసంలో తప్పు నిరూపించిన లెక్చరరుకూ, మళ్లీ చేసి నిజమేనని తేల్చిన లెక్చరరుకూ కొత్త వ్యాసానికి ఇచ్చినన్ని పాయింట్లే ఇవ్వాలి. తెలుగు పత్రికల వాళ్లకు నాదో చిన్న మనవి: 'శాస్త్రవేత్తలు తేల్చారు' అని హెడ్డింగు పెట్టే ముందు ఎంతమంది మీద చేశారో, రెండోసారి ఎవరైనా చేశారో ఒక వాక్యం రాయండి.

పైవాళ్లు ఎప్పుడు కదులుతారో చెప్పలేం గానీ, మన యూనివర్సిటీల్లో ఎం.ఏ., ఎం.ఎస్సీ. పాఠాలు చెప్పే మాస్టార్లు, మేడమ్‌లు ఎవరి అనుమతీ అడక్కుండా చేయగలిగింది ఒకటుంది. నేను చదివినప్పుడు ప్రాజెక్టు అంటే లైబ్రరీ పుస్తకాల్లోంచి అరవై పేజీలు ఎత్తి స్పైరల్ బైండింగు చేయించడమే, ఇప్పటికీ పెద్దగా మారలేదని మా తమ్ముడి కూతురు చెబుతోంది. హెర్న్‌డన్ చేసింది క్లాసు అసైన్‌మెంటు. దానికి కావలసింది ఒక వ్యాసం, ఒక కంప్యూటరు, తలుపు తట్టి ఫైలు అడిగే ధైర్యం. ఈ సెమిస్టరు నుంచే ప్రాజెక్టుకు బదులు అదివ్వండి: పేరున్న వ్యాసం తీసుకుని మళ్లీ లెక్క కట్టమనండి, రచయితకు ఉత్తరం రాసి డేటా అడగమనండి. అదే ఫలితం వచ్చినా, రాకపోయినా మార్కులు వేయండి.